మా నాయన చేయి, రాళ్ళ పుస్తకం

మొన్న పంజగుట్ట ఆస్పత్రిలో ఒక చిన్న డాక్టరమ్మ నా ముందు తెల్లకాగితం పెట్టి, "అమ్మమ్మా, నత్తగుల్ల లాగా లోపలి నుంచి బయటికి ఒక చుట్ట గీయండి" అంది. గీశాను. మొదటి రెండు చుట్లు బాగానే వచ్చాయి. మూడో చుట్టు దగ్గర పెన్ను దానంతట అదే పక్కకు జరిగింది. ఆమె కాగితాన్ని వెలుతురులో పెట్టి చూసి, "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా చేయి వణికేదా?" అని అడిగింది.

"మా నాయనకు" అన్నాను.

ఆ మాట ఒక బయటి మనిషికి చెప్పడం నా బతుకులో అదే మొదటిసారి. ఎవరికీ చెప్పనని పన్నెండేళ్ళప్పుడు అమ్మ నాతో బైబిల్ మీద చేయి పెట్టించి ఒట్టు వేయించుకుంది. ఇప్పుడు అమ్మ లేదు, నాయన లేడు, ఆ ఇల్లూ లేదు. ఇంకా ఎవరి కోసం దాచాలి?

అప్పుడు మేము అమీర్‌పేటలో ఉండేవాళ్ళం. అప్పట్లో అది నగరానికి ఒక పక్కన పడి ఉన్న చిన్న బస్తీ. పెంకుటిళ్ళు, మట్టిగోడలు, పొద్దున లేస్తే మేకల అరుపులు. పంజగుట్ట వైపు నడిస్తే జొన్నచేలు, ఆ తర్వాత బండలు. ఎర్రమంజిల్ గుట్ట మీద మేడ ఒకటి తెల్లగా కనపడేది. దాని అవతల బంజారా గుట్టల్లో మనుషుల కన్నా సీతాఫలం చెట్లే ఎక్కువ.

మా నాయన నిజాం సర్కారు రాళ్ళ ఆఫీసులో నక్షానవీసు. అంటే పటాలు గీసే ఉద్యోగం. గనులున్న చోట్లు, వాగులు, గుట్టలు అన్నీ కాగితం మీదికి దించేవాడు. రాళ్ళ ఆఫీసు అన్నది మా అమ్మ పెట్టిన పేరు. చర్చిలో అందరూ నాయన అక్షరాలను మెచ్చుకునేవాళ్ళు. ఆదివారం పాటల నెంబర్లు రాసే నల్లబల్ల ఆయన చేతిదే. ఆయన ఒక గీత గీస్తే దానికి స్కేలు అవసరం లేదనేవాళ్ళు.

నాకు పన్నెండేళ్ళున్న ఆ యేడు ఈస్టర్ తర్వాత నాయన చాయ్ సాసరులో తాగడం మానేశాడు. చెంబులో పోయించుకొని రెండు చేతులతో పట్టుకొని తాగేవాడు. నాకు నవ్వొచ్చేది. అమ్మ మాత్రం నవ్వేది కాదు.

కొన్నాళ్ళకు ఆ పుస్తకం మా ఇంటికి వచ్చింది. నాయన దాన్ని అమ్మ పాత చీరలో చుట్టి, సైకిల్ వెనక తాడుతో కట్టి తెచ్చాడు. మా ఇంటి బైబిల్ కన్నా పెద్దది, బరువైనది. తెరిస్తే పాత జిగురు వాసన, దాని వెనకే ఎండిన వేపాకు వాసన. పురుగు పట్టకుండా ఆఫీసులో ఎవరో పేజీల మధ్య వేపాకులు పెట్టేవాళ్ళట. సగం పుస్తకం పట్టికలు. ఏ రాయి ఎంత గట్టిది, పింగాణీ బిళ్ళ మీద రుద్దితే ఏ రంగు గీటు వస్తుంది, కొడితే ఎటు చీలుతుంది, మంటలో పెడితే ఏమవుతుంది. మిగతా సగం స్ఫటికాల బొమ్మలు. ఒక్కో బొమ్మ మీద ఉల్లిపొర లాంటి కాగితం. అది తీస్తే కింద సన్నని నల్లగీతలతో, మూలలు మూలలుగా, ఎవరూ తాకని వస్తువులా ఒక స్ఫటికం ఉండేది.

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఇంగ్లండు నుంచి ఓడలు రావడం లేదు, పుస్తకాలూ రావడం లేదు. ఆఫీసు మొత్తానికి ఆ పుస్తకం ఒక్కటే ఉంది. గుడారాలు వేసుకొని జిల్లాల్లో తిరిగే జట్లకేమో, దొరికిన రాయి ఏదో తేల్చుకోవడానికి ఆ బొమ్మలు కావాలి. అందుకని ఆఫీసు పైఅధికారి పెద్దసాబు ఆ బొమ్మలన్నీ ట్రేసింగ్ గుడ్డ మీదికి, అంటే కింది గీతలు పైకి కనపడే పల్చని గంజిబట్ట మీదికి, దించమని నాయనకు అప్పజెప్పాడు. గుడ్డ మీద ఒకసారి దించితే ఎండలో నీలం కాపీలు ఎన్నైనా తీసుకోవచ్చు. "ఇంటికాడ నిమ్మళంగ చేస్తా సాబ్" అని నాయన అడిగి తెచ్చుకున్నాడు. అసలు కారణం ఏమిటో మాకు తెలుసు. ఆఫీసులో పదిమంది మధ్య కూర్చొని ఆ పని చేయలేడు.

మొదటిరోజు నన్ను స్కేలు పట్టుకోమన్నాడు. నేను గట్టిగా అదిమి పట్టుకుంటే ఆయన గీత లాగాడు. చివర్లో చేయి అదిరి గీత ముడి పడింది. ఆ ముక్క చించేశాడు. రెండోదీ చించేశాడు. మూడోసారి పెన్ను నా వేళ్ళ మధ్య పెట్టి, "నువ్వు లాగు బిడ్డా. ఊపిరి బిగబట్టు. చివరిదాక పోయినంక విడువు" అన్నాడు.

లాగాను. గీత తిన్నగా వచ్చింది. నాయన దాన్ని చాలాసేపు చూశాడు. ఆయన ముఖంలో సంతోషం ఉందో బాధ ఉందో నాకు అర్థం కాలేదు. నాకు మాత్రం గర్వంగా ఉంది.

అట్లా మొదలైంది. మొదట తిన్నని గీతలు, తర్వాత అక్షరాలు, తర్వాత మొత్తం బొమ్మ. వేసవి సెలవులు కాబట్టి ఆటలాగే ఉంది. నాయన పక్కన కూర్చొని ఇత్తడి కోణమానితో మూలలు కొలిచి చూపేవాడు. "రాయిని రంగు జూసి గుర్తుపట్టొద్దు, రంగు మోసం జేస్తది. మూలలు మోసం జెయ్యవు. గిది ఆవగింజంత ఉన్నా, నీ తలకాయంత ఉన్నా గీ మూల గింతే" అనేవాడు. ఎదురుగా కనపడే అంచులను నిండు గీతతో, వెనక దాగిన అంచులను చుక్కల గీతతో చూపాలని నేర్పాడు. అభ్రకం, గోమేధికం, పలుగురాయి అన్నీ నా చేతి కింద తయారయ్యాయి. రెండు స్ఫటికాలు ఒకదానిలోంచి ఒకటి పొడుచుకొచ్చి సిలువలాగా ఉండే రాయి ఒకటి ఉండేది. వానలు పోయాక దాన్ని గీసిన రోజు అమ్మ దానికి దండం పెట్టుకుంది.

బడి తెరిచారు. నేను పోలేదు. పొమ్మని ఎవరూ అనలేదు, వద్దని కూడా అనలేదు. ఇంకా సగం పైన బొమ్మలు మిగిలాయి. వారం తర్వాత మా టీచరమ్మ బేగంపేట నుంచి వెతుక్కుంటూ వచ్చింది. అమ్మ గడపలోనే ఆమెను ఆపి, "పిల్లకు కామెర్లు ఐనయి టీచరమ్మా, బయటికి తియ్యొద్దన్నరు" అంది. లోపల గదిలో పెన్ను పట్టుకొని నేను ఆ మాట విన్నాను. అబద్ధమాడితే నాలుక కోస్తానని చెప్పే మా అమ్మేనా అనిపించింది.

ఆ గదికి ఒకటే కిటికీ. అది సందులోకి ఉండేది, అందుకని మూసేశారు. వెలుతురు పైకప్పులో ఉన్న ఒక గాజుపెంకు లోంచి వచ్చేది. ఆ ఎండముక్క పొద్దున తూర్పు గోడ దగ్గర పడి, మెల్లగా గదిలో నడిచేది. దాని వెంట నేను పీట జరుపుకుంటూ పోయేదాన్ని. ఎండ గోడెక్కిందంటే ఆ పూటకు పని అయిపోయినట్టు. నాయన ఆఫీసుకు పోయినప్పుడు బయట గొళ్ళెం పెట్టేవాళ్ళు. నేను పారిపోతానని కాదు, ఎవరైనా చటుక్కున లోపలికి వస్తారని. కానీ గొళ్ళెం పడిన చప్పుడు ఎవరి కోసమైనా ఒకటే.

గుడ్డ మీద చెమట పడితే పాడవుతుంది. తడి ఏదైనా సరే దానికి పడదు. మణికట్టు కింద పాతగుడ్డ మడత పెట్టుకొని, సుద్దపొడి చల్లుకొని గీయాలి. ఒకరోజు ఉదయం నుంచి గీసిన బొమ్మలో ఇంకు చుక్క రాలి మొత్తం చెడిపోయింది. ఏడుపు ఆగలేదు. నాయన అప్పుడే ఆఫీసు నుంచి వచ్చాడు. గడపలో నిలబడి, "ఏడ్వాలంటే అటు జరిగి ఏడువు. గుడ్డ మీద తడి పడొద్దు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. కానీ ఆ మాట అన్నాడు.

చెడిపోయిన గుడ్డముక్కలను నేను దొంగతనంగా కుండలో నానబెట్టేదాన్ని. గంజి, ఇంకు పోయి లోపలి నుంచి పాలమీగడ లాంటి మెత్తని బట్ట వచ్చేది. అంత మెత్తని బట్ట మా ఇంట్లో ఎవరికీ లేదు. దానితో బొమ్మకు గౌనులు కుట్టాను, రుమాళ్ళు చేశాను. అమ్మ చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

పక్కింట్లో ఒక ముస్లిం ఆమె ఉండేది. నేను ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచేదాన్ని. భర్త బస్సు డిపోలో పని చేసేవాడు. నాకు కామెర్లని వినగానే ఆమె రోజూ పొద్దున్నే నేల ఉసిరి నూరి మజ్జిగలో కలిపి తెచ్చేది. తాగితే గాని గిన్నె తీసుకొని పోయేది కాదు. లేని రోగానికి నేను నలభై రోజులు ఆ చేదు తాగాను. మెడలో కామెర్ల దండ కూడా వేసింది. రోగం దిగినకొద్దీ ఆ దండ పొడుగవుతుందట. అమ్మ నాకు పథ్యం పెట్టక తప్పలేదు. ఉప్పులేని పప్పు, గంజి. మామిడికాయ తొక్కు పెట్టిన జాడీ ఎదురుగానే ఉండేది.

ఒకనాడు ఖాలా నా చేయి పట్టుకొని గోళ్ళు చూసింది. "కామెర్లయితే గోళ్ళు పచ్చగ ఐతయి కదా బేటీ. నీవి నల్లగున్నయేంది?" అంది. ఇంకు మరకలు. నేను తల వంచుకున్నాను. ఆమె మూసిన గది తలుపు వైపు చూసింది, మా అమ్మ వైపు చూసింది. ఇంకేమీ అడగలేదు.

మర్నాడు కూడా అదే గిన్నె వచ్చింది, మీద అదే మూత. "దవా తెచ్చిన, పిల్లనే తాగనియ్యి" అని అమ్మకు వినపడేట్టు చెప్పి నా చేతికి ఇచ్చింది. మూత తీస్తే లోపల రెండు శామీ కబాబులు, పుదీనా పచ్చడి. ఆ గదిలో తలుపు వెనక కూర్చొని అవి తిన్న రుచి నాకు ఇంతవరకు ఏ విందులోనూ దొరకలేదు. తర్వాత నుంచి ఆ దవా రోజూ వచ్చేది. దండ కూడా చక్కగా పొడుగైంది.

వానలు పోయాయి. సీతాఫలాల కాలం వచ్చింది. లంబాడీ ఆడవాళ్ళు గుట్టల నుంచి గంపలు దించుకొని సందులో కేకలు వేసుకుంటూ పోయేవాళ్ళు. నాతో చదివే పిల్లలు సెలవురోజు గుట్టలెక్కి, వస్తూ మా కిటికీ కింద నిలబడి, "అక్కడ పలుగురాళ్ళు మస్తు దొరికినయి, తెల్లగ మెరుస్తున్నయి. నీకు కామెర్లు తగ్గితే నువ్వు సుత రా" అని అరిచేవాళ్ళు. నేను పలుగురాయిని ఎన్నో రూపాల్లో గీశాను. అది ఎన్ని కోణాల్లో తిరుగుతుందో వాళ్ళెవరికీ తెలియదు. కానీ అరగంట నడిస్తే దొరికే ఆ రాయిని నేను ముట్టుకోలేదు. మూసిన కిటికీ రెక్కల చీలికలోంచి వాళ్ళ కాళ్ళు మాత్రమే కనిపించేవి, దుమ్ము కొట్టుకొని.

ఆ రోజుల్లో సర్కారీ సెలవు శుక్రవారం. ఒక శుక్రవారం నమాజు అయ్యాక మా ఇంటి ముందు టాంగా ఆగింది. పెద్దసాబు దిగాడు. షేర్వాణీ, ఎర్ర టోపీ, చేతిలో నారింజపళ్ళ బుట్ట. ఆయన మా ఇంటికి రావడం అదే మొదటిసారి. నన్ను లోపలి గదిలోకి తోసి అమ్మ పరదా దించింది.

"బిడ్డకు ఎట్లుంది?" అని అడిగాడు. నాయన "ఇప్పుడు నయమే సాబ్" అన్నాడు. పళ్ళు నా కోసమట, కామెర్ల కబురు ఆఫీసు దాకా పోయింది. నాకు సిగ్గేసింది.

తర్వాత ఆయన తయారైన బొమ్మల చుట్ట విప్పి ఒక్కొక్కటే చూశాడు. "శభాష్. నీ చెయ్యి ముందటి కన్నా పక్కాగ ఐంది" అన్నాడు. సిలువ రాయి బొమ్మ దగ్గర పెద్దసాబు ఆగాడు. పుస్తకం తెరిచి పక్కన పెట్టి చూశాడు. "గిక్కడ వెనక అంచు మర్చిపోయినవ్. చుక్కల గీత రావాలె" అన్నాడు.

అది నేను మరిచిపోయిన గీత. నేను అది గీస్తున్నప్పుడు కిటికీ కింద పిల్లలు అరుస్తున్నారు.

"పెట్టెయ్యి మరి, నేను చాయ్ తాగేలోపల. రేపు పొద్దున్నే ఈ కట్ట నీలం కాపీలకు పోవాలె" అన్నాడు పెద్దసాబు.

నాయన పీట ముందు కూర్చున్నాడు. పెన్ను తీసి ఇంకులో ముంచాడు. పరదా సందులోంచి నాకు ఆయన వీపు, కుడిచేయి కనపడుతున్నాయి. ఆ చేయి గుడ్డ మీదికి పోయి ఆగింది. పెన్ను కొసన ఇంకు చుక్క నిలిచి ఉంది. చేయితో పాటు అదీ వణుకుతోంది. ఇంక ఒక్క క్షణంలో రాలుతుంది. పెద్దసాబు పుస్తకంలోంచి తల ఎత్తాడు. వంటింటి గుమ్మంలో అమ్మ చాయ్ పళ్ళెం పట్టుకొని నిలబడి ఉంది.

నేను పరదా తోసుకొని వచ్చాను. నాయన వేళ్ళలోంచి పెన్ను తీసుకున్నాను. ఊపిరి బిగబట్టి చుక్కలు పెట్టుకుంటూ పోయాను, అంచు చివరిదాకా. అప్పుడు ఊపిరి వదిలాను.

పెద్దసాబు చుక్కల గీతను చూశాడు, నా గోళ్ళను చూశాడు, చివరికి నాయన చేతిని చూశాడు. అది ఒళ్ళో పడి ఉంది, ఇంకా కదులుతూనే.

"అన్నీ నువ్వే గీసినవా బేటీ?" అని అడిగాడు.

"కొలతలు నావే సాబ్" అన్నాడు నాయన. "మూలలన్నీ నేనే కొలిచిన."

"మాలూమ్, తెలుసు" అన్నాడు పెద్దసాబు. లేచి బొమ్మలు చుట్టుకున్నాడు. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "పిల్లను రేపటి సంది బడికి పంపు" అని మాత్రం అన్నాడు. చాయ్ తాగలేదు.

టాంగా పోయాక అమ్మ పళ్ళెం నేల మీద పెట్టి, కూలబడింది. నా వైపు చూసి, "జర ఆగకపోతివి! ఆ చాయ్ గుడ్డ మీద పారబోద్దామనే తెచ్చిన. తడిస్తే ఖరాబైతుండె, మళ్ళ గీసిస్తడని చెప్తుంటి" అంది.

ఆ మాట నన్ను ఇన్నేళ్ళూ వదల్లేదు. నేను అడుగు వేయకపోతే అమ్మ నిజంగానే చాయ్ ఒలికించేదేమో. నాయన ఉద్యోగం ఇంకొన్నాళ్ళు నిలిచేదేమో. మరి నేనెందుకు వచ్చాను? నాయనను కాపాడటానికని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. ఆ గది నుంచి బయటపడటానికని కొన్నాళ్ళు అనుకున్నాను. ముసలితనంలో నాకు నేను నిజం చెప్పుకుంటే, ఆ క్షణాన నాకు నాయనా గుర్తు లేడు, బడీ గుర్తు లేదు. ఇంకు చుక్క రాలితే నా బొమ్మ పాడవుతుంది. అంతే, అదొక్కటే కనపడింది.

నాయన ఉద్యోగం ఊడలేదు. నక్షానవీసు పని మాత్రం పోయింది. ఆఫీసులోనే రాళ్ళు పెట్టిన అద్దాల బీరువాల గది ఆయనకు అప్పగించారు. దుమ్ము తుడవాలి, ఎవరైనా చూడటానికి వస్తే ఏది ఏ రాయో చెప్పాలి. పుస్తకాన్ని మళ్ళీ చీరలో చుట్టి తీసుకొని పోయి, సాయంత్రం చీర మాత్రం మడిచి తెచ్చాడు. మిగిలిన బొమ్మలు ఇంకెవరో గీశారు.

ఆ రోజు నుంచి నాయన నాతో మాట్లాడలేదు. కోపంగా ఒక్క మాట అనలేదు, కొట్టలేదు. నేను ఎదురుపడితే పక్కకు జరిగి దారి ఇచ్చేవాడు, పరాయి ఆడమనిషికి ఇచ్చినట్టు. అన్నిటికన్నా దాన్నే భరించలేకపోయాను. బడిలో నా తరగతి పిల్లలు ముందుకు పోయారు, పరీక్షలో నేను తప్పాను. గది తలుపుకు గొళ్ళెం లేదు, కిటికీ తెరిచే ఉంది, అయినా ఇంట్లో ఊపిరి ఆడేది కాదు. సాయంత్రాలు ఖాలా ఇంట్లో కూర్చొని ఉల్లిగడ్డలు తరిగేదాన్ని. ఆమె ఒక్కతే, "మీ నాయన నీ మీద కోపంగ లేడు పిల్లా. ఆయనకు తన చెయ్యి మీద కోపం. నువ్వు కనపడితే ఆ చెయ్యి యాదికొస్తది" అని చెప్పింది. నేను నమ్మలేదు.

మళ్ళీ ఎండలు ముదిరాక టీచరమ్మ ఒక కాగితం తెచ్చింది. సికింద్రాబాదులో ఆడపిల్లల హాస్టలున్న బడి ఒకటుంది. తప్పిన తరగతి అక్కడ మళ్ళీ చదువుకోవచ్చు. తండ్రి సంతకం కావాలి. అమ్మ ఆ కాగితాన్ని నాయన అన్నం తినే పీట పక్కన పెట్టింది. మూడురోజులు అది అక్కడే ఉంది. నాలుగో రోజు అమ్మ నెమ్మదిగా, "పోరికి మీ దస్తకత్ మంచిగ ఒస్తది. పెట్టమని చెప్తనా?" అంది. నిజమే, ఆయన పేరును ఎన్నో బొమ్మల కింద ఆయన రాసినట్టే రాశాను నేను.

నాయన తల అడ్డంగా ఊపాడు. పెన్ను తీసుకొని కాగితం ముందు కూర్చున్నాడు. చేయి కాగితం మీదికి పోయి ఆగిపోయింది. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. ఈసారి కదలలేదు.

ఆయన నా వైపు చూశాడు. "ఇటు రా. చెయ్యి పట్టుకో" అన్నాడు. "ఉత్తగ పట్టుకో, గంతే. రాసేది నేను."

పక్కన కూర్చొని మణికట్టు దగ్గర పట్టుకున్నాను. లోపల ఏదో చిన్న పిట్ట కొట్టుకుంటున్నట్టు ఉంది ఆ చేయి. మొదటి అక్షరం మెల్లగా మొదలైంది. రెండో అక్షరం దగ్గర గీత పక్కకు జారింది. నేను కొంచెం నొక్కితే చాలు, తిన్నగా వచ్చేది. ఎంత నొక్కాలో నాకు తెలుసు. నొక్కలేదు. ఆయన చేయి ఎటు పోతే అటు పోనిచ్చాను. పేరు మొత్తం రాయడానికి చాలాసేపు పట్టింది. చివరి అక్షరం అయ్యాక ఆయన ఇంకు మీద ఊది, కాగితాన్ని నా చేతికి ఇచ్చాడు.

వారం తిరగకుండా ఆ సంతకంతో నేను సికింద్రాబాదు బడిలో చేరాను. అది అంత వంకరగా ఎందుకుందని అక్కడ ఎవరూ నన్ను అడగలేదు.